టేపు కింద టైము

ఆవిడని అందరూ చలిపిన్ని అనేవారు. మండువేసవిలో కూడా స్వెటరు చేత్తో పట్టుకుని బస్సు దిగే మనిషి ఆ వీధిలో ఆవిడ ఒక్కతే. పని, మందుల గోదాములో చల్లగదుల కాపలా. పదమూడేళ్ల నుంచి అదే.

కాపలా అంటే కర్ర పట్టుకుని తలుపు దగ్గర కూర్చోవడం కాదు. మూడు చల్లగదులు పక్కపక్కనే ఉంటాయి. వాటి ముందు ఇరుకైన గది. అందులో ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కంప్యూటరు, ఒక రిజిస్టరు. కంప్యూటరు తెర మీద మూడు అంకెలు, గదికొకటి. ఆ అంకె రెండు డిగ్రీలకూ ఎనిమిదికీ మధ్య ఉండాలి. రెండుకి దిగువైతే మందు గడ్డకట్టవచ్చు. ఎనిమిది దాటితే చెడుతుంది. ఉదయం తొమ్మిదికి చలిపిన్ని, సాయంత్రం అయిదుకి రెండో షిఫ్టు ఆయన, ఆ అంకెలు రిజిస్టరులో ఎక్కిస్తారు. లారీ కదిలేముందు ఒక కాగితం మీద సంతకం పడాలి. ఈ మందు ఇక్కడున్నన్నాళ్లూ చల్లగానే ఉందని దాని అర్థం. పగటి లారీలకు ఆ సంతకం చలిపిన్నిది.

ఆవిడ దేన్నీ నమ్మదు. ఇంటికి తాళం వేసి, మెట్లు దిగి, మళ్లీ ఎక్కి తాళం లాగి చూస్తుంది. దుకాణంవాడిచ్చిన బిల్లు రెండుసార్లు చదువుతుంది, రెండోసారి కింది నుంచి పైకి. బస్సు మీద నంబరు చదివి ఎక్కి, డ్రైవరుని అడిగి కూర్చుంటుంది.

"మీ ఆయన్ని కూడా వెలుతురుకి పట్టి చూసే చేసుకున్నావా పిన్నీ?" అని లోడింగ్ మేస్త్రి అడిగాడొకసారి.

"చూశాను. అప్పుడు మరకలేం కనబళ్లేదు. తర్వాత కనబడ్డాయి."

ఆ మరకల మనిషి పోయి ఎనిమిదేళ్లయింది. ఇంటి పై అంతస్తులో ఆవిడ ఒక్కతే ఉంటుంది. కింద మరిది, తోటికోడలు. వంట కిందే, తిండి కిందే. తోటికోడలికి చక్కెర జబ్బు. రోజూ తిండికి ముందు పొట్ట మీద చిన్న సూది. ఆ సీసాలు ఫ్రిజ్ తలుపులో పెట్టేది. చలిపిన్ని వాటిని లోపలి అరలోకి మార్చింది. తలుపు అరలో మందు రోజుకి ఇరవైసార్లు బయటికి వచ్చి వెళ్తుందని చెప్పింది.

"నీళ్లలా బాగానే ఉందిగా అక్కా," అంది తోటికోడలు, సీసా ఎత్తి చూస్తూ.

"చెడినా నీళ్లలాగే ఉంటుంది. అదే దాని మోసం."

ఆ సీసాలు ఆసుపత్రి నుంచి వచ్చేవి. ఆసుపత్రికి గోదాము నుంచి వెళ్లేవి, మూడో గదిలోంచి. ఆ సంగతి చలిపిన్ని ఇంట్లో ఎప్పుడూ ఎత్తలేదు.

గోదాములో అన్ని కంప్యూటర్లూ రెండుసార్లు మారాయి. చల్లగదులది మారలేదు. ఎందుకు మారదో మరిది చెప్పాడు. కంప్యూటర్లు బాగుచేసే చిన్న దుకాణం అతనిది. గోదామువాళ్లు పిలిస్తే వచ్చి చూసి వెళ్తాడు.

"బ్రౌజరు అంటే కిటికీ అనుకోండి వదినా. గదుల్లో గోడకున్న పెట్టె అంకెలు పంపిస్తుంది. కిటికీ ఒక్కటే వాటిని చూపించలేదు. దానికొక అద్దం తగిలించాలి. దాన్నే ప్లగిన్ అంటారు. మన అద్దం చేసినవాళ్లు దుకాణం కట్టేసి వెళ్లిపోయారు. కొత్త కిటికీలు ఆ అద్దాన్ని దగ్గరికి రానివ్వవు. అందుకని ఈ పాత కిటికీనే పట్టుకుని వేలాడుతున్నాం."

"అద్దం పగిలితే?"

"అతికేవాడు లేడు. ఫోను చేద్దామన్నా ఎత్తేవాడు లేడు."

అందుకని ఆ కంప్యూటరు దగ్గర అందరూ కాలిమడమలు నేలకానకుండా నడిచేవారు. దాన్ని ఆపరు. ఇంటర్నెట్ తీగ తగిలించరు. అప్పుడప్పుడు తెర మధ్యలో ఏదో ప్రశ్న లేస్తుంది: పాతబడ్డాను, కొత్తది వేయనా అని. దానికి రెండే బొత్తాలు. "సరే" నొక్కితే కొంప మునుగుతుంది. కాబట్టి ఏదడిగినా "తర్వాత" నొక్కాలి. ఆ మాట మరిదే చెప్పాడు, ఆరేళ్ల కిందట. చలిపిన్ని ఆరేళ్లుగా నొక్కుతూనే ఉంది. ఈగని తోలినట్టు, చూడకుండా.

నాలుగేళ్ల కిందట తెర కుడివైపు కింది మూలలో ఒక పసుపు పట్టీ వెలిసింది. ఈ ప్లగిన్‌కు ఇకపై మద్దతు లేదు అని అందులో ఉంది. ఎన్నిసార్లు తీసేసినా గంటకి మళ్లీ వచ్చేది. అదే వారం తనిఖీ అధికారులు రావాల్సి ఉంది. మేనేజరు వచ్చి తెర ముందు నడుం వంచి చూశాడు.

"పసుపు కనబడితే ప్రశ్నలు పుడతాయి పిన్నిగారూ."

చలిపిన్ని సొరుగులోంచి పెట్టెలకు అంటించే బ్రౌన్ టేపు తీసింది. రెండు వేళ్ల వెడల్పు కత్తిరించి, మూలకి మూల సరిగ్గా కలిసేలా అంటించింది. పట్టీ కింద బూడిదరంగు సన్నని అక్షరాల్లో ఏదో టైము కూడా ఉండేది. అదీ టేపు కిందికి పోయింది. గోడకి గడియారం ఉంది కదా అనుకుంది.

తనిఖీవాళ్లు వచ్చారు, టీ తాగారు, వెళ్లారు.

రెండేళ్ల కిందట మరిది ఒక కాగితం రాసిచ్చాడు, ఒక్క పేజీ. ఆ ప్లగిన్ ఏదో ఒక రోజు ఆగిపోతుంది, ఆగినట్టు చెప్పకుండా కూడా ఆగవచ్చు, అలారం కూడా దానికే ముడిపడి ఉంది కాబట్టి మోగదు, ఈలోగా వేరే ఏర్పాటు చూసుకోండి అని అందులో ఉంది. మేనేజరు చదివి సొరుగులో పెట్టాడు.

"పనిచేస్తున్నదాన్ని కదపకూడదు పిన్నిగారూ," అన్నాడు. సొరుగు మూస్తూ, "మీ మరిది కొత్తది ఎవరి దగ్గర కొనమంటాడో కాస్త కనుక్కోండి," అన్నాడు.

ఆ మాట ఆవిడ చెవిలో ఇసకరేణువులా ఉండిపోయింది. ఇంటికి వెళ్లేదాకా బస్సులో అదే ఆలోచన. అతనికేం మిగులుతుంది? ఎవరైనా ఏదైనా ఇస్తామన్నారా? నిప్పు లేనిదే పొగ రాదంటారు. మర్నాడు అన్నం దగ్గర మరిది ముఖం చూసింది. అతను పప్పులో ఉప్పు తక్కువైందన్నాడు. ముఖంలో ఇంకేం లేదు. ఏం లేకపోవడం కూడా ఆవిడకి అనుమానంగానే కనిపించింది.

ఇది ముందు సంగతి. ఇక ఆ తొమ్మిది రోజులు.

సోమవారం మరిది గోదాముకి వచ్చాడు. కంప్యూటరు వెనక ఫ్యాను రొద చేస్తోంటే దుమ్ము దులిపి వెళ్లాడు. గురువారం ఉదయం రిజిస్టరు తెరిచినప్పుడు చలిపిన్నికి మూడో గది వరసలో 4.2 కనబడింది. దాని పైన 4.2. ఆ పైన కూడా అదే. తను రాసినవీ, రెండో షిఫ్టు ఆయన రాసినవీ ఒకే అంకె. మిగతా రెండు గదులూ అరుదుగా తెరుస్తారు కాబట్టి వాటి అంకె కదలకపోవడం వింతగా అనిపించలేదు.

గది ఊపిరి పీల్చి వదులుతుంది. తలుపు తీస్తే ఒక అంకె ఎక్కుతుంది, మూస్తే దిగుతుంది. పొద్దుటికీ సాయంత్రానికీ కాస్తైనా తేడా ఉండాలి. ఆవిడ రెండో షిఫ్టు ఆయన్ని అనుమానించింది. తెర వైపు తలైనా తిప్పకుండా పైగడి చూసి కిందిగడి నింపుతున్నాడు. ఖాయం.

మనిషిని పట్టుకోవాలంటే వల కావాలి. శనివారం ఉదయం తెర మీద 4.2 ఉంటే ఆవిడ రిజిస్టరులో 4.6 అని రాసింది. ఆయన కాపీ కొడితే సాయంత్రం గడిలో 4.6 పడుతుంది.

ఆదివారం వచ్చి చూసింది. సాయంత్రం గడిలో 4.2 ఉంది.

అంటే ఆయన తెర చూసే రాశాడు. ఆవిడకి కొంచెం సిగ్గేసింది. షిఫ్టు మారేటప్పుడు ఆయనకి ఫ్లాస్కులో మిగిలిన టీ పోసింది.

"ఏంటక్కా, ఇవాళ ఇంత ప్రేమ?" అన్నాడాయన.

"చల్లారిపోతుందని."

4.6 ని దిద్దలేదు. దిద్దితే ఎందుకు దిద్దావని అడుగుతారు. దొంగని పట్టుకోలేకపోయానన్న విసుగులో, మనిషి తప్పు చేయకపోతే మరి అంకె ఎందుకు కదలడం లేదన్న రెండో ప్రశ్న ఆవిడకి తట్టలేదు. ఆవిడ అనుమానాలన్నీ మనుషుల మీదే. యంత్రం దగ్గరికొచ్చేసరికి అవి చెప్పులు విప్పి బయట నిలబడేవి.

మళ్లీ గురువారం. నాలుగింటికి ఆసుపత్రుల లారీ ఉంది, రెండు వారాల్లో మొదటిది. మూడో గదిలోంచి నూట ఇరవై పెట్టెలు వెళ్లాలి, అన్నీ ఇన్సులిన్. ఉదయం పది దాటాక మేస్త్రి మనుషులు పెట్టెలు లెక్క చూసి తలుపు దగ్గరికి సర్దుతున్నారు. తలుపుకి వేలాడే ప్లాస్టిక్ పట్టీల్లో రెండు ఎప్పుడో తెగిపోయాయి. తలుపు నలభై నిమిషాలు తెరిచే ఉంది. మేస్త్రి బయటికి వచ్చి జాకెట్టు విప్పి భుజాన వేసుకున్నాడు.

"ఏం మేస్త్రీ, చలి లేదా?"

"ఈ గదిలో నాలుగు రోజులుగా చలి ఎక్కడుంది పిన్నీ? వయసు మీద పడి నాకు ఒంట్లో వేడి పెరిగిందనుకుంటున్నా."

"వయసు పెరిగితే వేడి తగ్గుతుంది."

"మరి మా ఇంటావిడ అట్లా అనదే."

చలిపిన్ని నవ్వలేదు. తెర వైపు చూసింది. మూడో గది: 4.2. తలుపు బార్లా తెరిచి ఉంది. 4.2. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని, అంకెనే చూస్తూ గోడ గడియారంలో పది నిమిషాలు గడిపింది. అంకె రెప్ప వేయలేదు.

లేచి గదిలోకి వెళ్లింది. ఒకప్పుడు ప్రతి గదిలో గోడకి గాజుగొట్టం ఉండేది, లోపల ఎర్ర గీత. తెర అంకెకీ దానికీ అర డిగ్రీ తేడా వస్తోందని, రెండు మాటలు ఎందుకని, మూడేళ్ల కిందట అవి తీసేశారు. మేకు మాత్రం ఉంది. మేకుని చూసింది. స్వెటరు చేయి పైకి లాగి, తలుపు పక్క వరసలో ఒక పెట్టెకి మోచెయ్యి ఆనించింది. తర్వాత లోపలి గోడ దగ్గర పెట్టెకి. లోపలిది చల్లగా చురుక్కుమంది. తలుపు పక్కది ఏమీ అనలేదు.

మేనేజరు గదికి రిజిస్టరు పట్టుకుని వెళ్లింది.

"తెర చచ్చిపోయింది సార్. అంకె బొమ్మలా నిలబడి ఉంది. ఎన్నాళ్ల నుంచో తెలీదు."

మేనేజరు చెడ్డవాడేం కాదు. ఆ వారంలోనే రెండు ఆసుపత్రుల నుంచి నిల్వలు అయిపోతున్నాయని ఫోన్లు వచ్చాయి. అతను రిజిస్టరు తీసుకుని వేలితో గడి గడీ దిగాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఇదేంటి? శనివారం 4.6. కదిలిందిగా?"

చలిపిన్ని ఆ గడి మీదికి వంగింది.

"కదిలింది, మళ్లీ దిగింది. బతికే ఉంది," అన్నాడతను, ఊరట పడుతూ. "మీరే రాశారు. మీ చేతిరాతే."

తను పన్నిన వలలో తన కాలే పడింది. నిజం చెబితే రిజిస్టరులో అబద్ధం రాసినట్టు ఒప్పుకోవాలి. ఆ గోదాములో అంతకు తక్కువ తప్పుకే మనుషుల్ని పంపించేశారు. చెప్పకపోతే ఆ ఒక్క దొంగ అంకె నూట ఇరవై పెట్టెలకి సాక్ష్యం చెబుతుంది.

"ఒక్కసారి మరిదిని పిలిచి చూపిద్దాం సార్," అని మాత్రం అంది.

మేనేజరు కుర్చీలో వెనక్కి వాలాడు.

"పిన్నిగారూ, నేనొకటి అడుగుతా, ఏమనుకోకండి. పోయిన వారం సోమవారం మీ మరిది వచ్చాడు. దుమ్ము దులిపాడు. ఇప్పుడు మీరొచ్చి తెర చచ్చిపోయిందంటున్నారు. రెండేళ్ల కిందట కొత్తది కొనమని కాగితం రాసింది ఆయనే. ఈ మూడూ పక్కపక్కన పెడితే మీకెలా ఉంటుంది?"

ఆవిడ రిజిస్టరు మూసి చేతిలోకి తీసుకుంది. ఆ మూడింటినీ గదిలోంచి వచ్చే దారిలోనే తనూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

చలిపిన్నే ఫోను చేస్తే మరిది ఒంటిగంటకి వచ్చాడు. సరుకు లారీకి ఎక్కించే అరుగు దగ్గర ఎండలో చలిపిన్ని ఎదురుగా నిలబడి ఉంది. లోపలికి దారి ఇవ్వలేదు.

"సోమవారం ఏం చేశావయ్యా దాన్ని?"

"దుమ్ము దులిపాను. మీరు పక్కనే ఉన్నారుగా."

"మధ్యలో నేను గది తలుపు మూయడానికి లేచాను."

అతను చేతిలోని సంచి కింద పెట్టాడు.

"వదినా, మీరు లేచింది అర నిమిషం."

"అర నిమిషం చాలదా? నీలాంటి పనివాడికి?"

"చాలు," అన్నాడతను. "చాలదని అనను. అయితే ఒకటి ఆలోచించండి. ఆ మూడో గదిలోంచి వెళ్లే సీసాలు ఎవరి ఫ్రిజ్‌లోకి వస్తాయో నాకూ తెలుసు. మీరు చెప్పకపోయినా అట్ట మీద గోదాము ముద్ర ఉంటుంది. మా ఆవిడ పొట్టలోకి ఏం పోతుందో తెలిసీ, ఒక కంప్యూటరు అమ్ముకోడానికి దాన్ని పాడుచేస్తానా?"

ఎండ సిమెంటు మీద తెల్లగా పడుతోంది. చలిపిన్ని స్వెటరు బొత్తాలు ఒక్కొక్కటీ విప్పింది, మళ్లీ పెట్టుకుంది.

"తెర కుడిమూల ఏ టైము చూపిస్తోంది?" అని అడిగాడు మరిది.

"ఏ టైము?"

"ఆఖరుసారి అంకె ఎప్పుడు వచ్చిందో అక్కడ రాస్తుంది. బూడిదరంగులో సన్నగా ఉంటుంది. నా కాగితంలో కూడా రాశాను, రోజూ ఆ టైము ఒక్కటి చూసుకుంటే చాలని."

ఆవిడ వెనక్కి తిరిగి నడిచింది. అతను సంచి ఎత్తుకుని వెంట వెళ్లాడు.

టేపు నాలుగేళ్ల పాతది. అంచులు నల్లబడ్డాయి. సోమవారం తెర తుడిచినప్పుడు కూడా మరిది దాన్ని పగులుకి అంటించిన అతుకు అనుకుని వదిలేశాడు. ఆవిడ గోటితో మూల లేపింది. తేలిగ్గా రాలేదు. లాగితే ముక్కలుగా వచ్చింది, జిగురు తెర మీద మిగిలింది. ఆ జిగురు వెనక ముందు పసుపు కనబడింది, దాని కింద బూడిదరంగు. కళ్లజోడు సర్దుకుని చదివింది.

మంగళవారం. పది గంటల పద్నాలుగు నిమిషాలు. పోయిన వారం.

"సోమవారం కాదు," అంది.

"కాదు," అన్నాడు మరిది. ఇంకేం అనలేదు. అనొచ్చు, అతనికి హక్కుంది.

వెనక ఎప్పుడొచ్చాడో మేనేజరు నిలబడి ఉన్నాడు. మేస్త్రి తలుపు దగ్గర నిలబడ్డాడు.

మరిది కుర్చీలో కూర్చుని, తెర మీద ఒకదాని వెనక ఒకటి దాక్కున్న కిటికీలు పక్కకి జరుపుతూ పోయాడు. అట్టడుగున ఒక చిన్న గడి దొరికింది. దాన్ని బయటికి చదివాడు. "ఈ ప్లగిన్ గడువు ముగిసింది. అయినా వాడుకోవడానికి అనుమతిస్తారా? అనుమతించు. తర్వాత." అతను తల తిప్పాడు. "మంగళవారం పదింటికి ఇది పైకి వచ్చి ఉంటుంది. ఎవరో తర్వాత నొక్కారు, ఇది అడుక్కి పోయింది. అప్పటినుంచి మన జవాబు కోసం కాచుకుని కూర్చుంది. చివరి అంకె అలాగే పట్టుకుని."

మంగళవారం పదింటికి ఆ కుర్చీలో ఉండేది ఒక్కరే.

"నొక్కాను," అంది చలిపిన్ని. "ఏదో లేచింది. నొక్కాను."

"ఏమడిగిందో చదివారా?" మేనేజరు అడిగాడు.

"లేదు."

మేస్త్రి ఆవిడ వైపు తిరిగి చూశాడు. బిల్లు కింది నుంచి పైకి చదివే మనిషి ఆవిడ.

"నేనే చెప్పాను, ఏదడిగినా తర్వాత నొక్కమని," అన్నాడు మరిది, మేనేజరుతో. "ఆరేళ్ల కిందట."

"నువ్వు చెప్పావు. వేలు నాది," అంది చలిపిన్ని.

మరిది "అనుమతించు" నొక్కాడు. తెర ఒక్కక్షణం తెల్లబడింది. తర్వాత అంకెలు వచ్చాయి. మొదటి గది 3.8. రెండో గది 4.9. మూడో గది 9.3. వెంటనే గోడ మీద అలారం మోగింది. అంత పెద్దగా మోగుతుందని అందరూ మర్చిపోయారు. మేస్త్రి చెవులు మూసుకున్నాడు.

అలారం ఆపాక మేనేజరు మెల్లగా అన్నాడు. "పొద్దున నలభై నిమిషాలు తలుపు తీశాం. ఆ తర్వాత కూడా మూస్తూ తీస్తూనే ఉన్నాం. అందుకే తొమ్మిది. మూసేస్తే గంటలో దిగుతుంది. తొమ్మిది రోజులూ ఇలాగే ఉందని ఎవరూ అనలేరు."

"అనలేరు," అంది చలిపిన్ని. "లేదని కూడా అనలేరు."

"శనివారం 4.6..."

అప్పుడు చెప్పింది. రెండో షిఫ్టు ఆయన్ని పట్టుకోడానికి రాసిన దొంగ అంకె అని, ఆయన ఏ తప్పూ చేయలేదని, ఈ పద్దెనిమిది గడుల్లో నిజంగా చూసి రాసినవి పదిహేడూ చచ్చిన అంకెలైతే, బతికున్నట్టు కనబడే ఆ ఒక్కటీ తన అబద్ధమని. గుక్క తిప్పుకోకుండా చెప్పింది. చెప్పాక మంచినీళ్లు తాగింది.

మేనేజరు బల్లకి ఆనుకున్నాడు.

"ఈ మాట మీరు చెప్పకపోతే నాకు తెలిసేది కాదు."

"నాకు తెలుసుగా సార్."

మూడున్నరకి లారీ వచ్చి అరుగుకి వెనక ఆనింది. కాగితం బల్ల మీదికి వచ్చింది. అందులో రెండు గడులే ఉన్నాయి. చల్లగా ఉంది, చల్లగా లేదు. రెండోదాంట్లో టిక్కు పెడితే సరుకంతా పారేయాలి. మొదటిదాంట్లో పెడితే లారీ కదులుతుంది.

"ఆసుపత్రులు ఎదురుచూస్తున్నాయి పిన్నిగారూ," అన్నాడు మేనేజరు. బెదిరింపు కాదు, వేడుకోలు కాదు. ఉన్నమాట.

"తెలుసు. మా ఇంట్లో కూడా ఒక మనిషి ఎదురుచూస్తోంది."

ఆవిడ పెన్ను తీసింది. రెండు గడులకీ మధ్య ఖాళీలో, గీతలు దాటకుండా, తొమ్మిది రోజులు తెలియదు అని రాసింది. కింద సంతకం చేసింది. తేదీ వేసింది. టైము వేసింది, గోడ గడియారం చూసి, తర్వాత తెర మూల చూసి. రెండూ ఒక్కటే.

"తెలియదు అనే గడి ఇందులో లేదు," అన్నాడు మేనేజరు.

"అందుకే పక్కన రాశాను."

లారీ మొదటి, రెండో గదుల సరుకు మాత్రం ఎక్కించుకుని వెళ్లింది. వాటి కాగితాల మీద కూడా అవే మూడు మాటలున్నాయి. కాని అందులోవి కొన్నాళ్లు మామూలు వేడిలో ఉన్నా చెడని మందులు కాబట్టి ఆసుపత్రులు ఒప్పుకున్నాయి. మూడో గదికి తాళం పడింది. ఆ సాయంత్రం మేనేజరు తన సొరుగులోంచి రెండేళ్ల నాటి కాగితం తీసి, మడతలు సవరించి, పైవాళ్లకి పంపించాడు. ఇన్సులిన్ తయారుచేసినవాళ్లు మర్నాడు నమూనాలు పట్టుకెళ్లారు. ఆసుపత్రులకి వేరే ఊరి గోదాము నుంచి సరుకు తెప్పించారు. రెండురోజులు ఆలస్యమైంది. తోటికోడలు సీసా అడుగున మిగిలిన చుక్కలతో రెండురోజులు లాగింది.

అయిదు వారాలకి ఫలితం వచ్చింది. లోపలి వరసల్లో మందు బాగానే ఉంది. తలుపు పక్క రెండు వరసలు పనికిరావు.

ఫలితం వచ్చేనాటికి చలిపిన్ని ఆ బల్ల దగ్గర లేదు. దొంగ అంకె రాసినందుకు రిజిస్టరు పని తీసేసి ఆవిడని పెట్టెల లెక్కకి మార్చారు. బల్ల దగ్గర ఇప్పుడు రెండో షిఫ్టు ఆయనే రెండు షిఫ్టులూ చూస్తున్నాడు. గదుల్లో మేకులకి మళ్లీ గాజుగొట్టాలు వేలాడుతున్నాయి. కొత్త ఏర్పాటు వచ్చేదాకా అని మేనేజరు అన్నాడు. ఎప్పుడొస్తుందో చెప్పలేదు. కొత్తది ఎవరి దగ్గర కొన్నా తన దగ్గర మాత్రం కొనవద్దని మరిది రాసిచ్చాడు.

పెట్టెలు లెక్కపెడుతూ గదిలోకి వెళ్లినప్పుడల్లా చలిపిన్ని గాజుగొట్టం చూస్తుంది. ఆ పని ఆవిడది కాదు. వచ్చేదారిలో తెర మూల కూడా చూస్తుంది.

"ఇంకా నమ్మకం కుదర్లేదా అక్కా?" అంటాడు రెండో షిఫ్టు ఆయన.

"నీ మీద కుదిరింది."

మరిది ఆ గురువారం మాట ఇంట్లో ఎత్తలేదు. చాలా రోజులు వదినా అని పిలవకుండానే మాట్లాడాడు. అన్నం పెట్టమనీ, నీళ్లు పోయమనీ గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. ఆవిడ కూడా తప్పయిందని అనలేదు. ఆ మాట ఆవిడ నోటికి పట్టదు.

ఒక ఉదయం ఆవిడ ఫోను తెర మీద ఏదో ప్రశ్న లేచింది. ఫోను పట్టుకుని పై అంతస్తు నుంచి కిందికి దిగి వచ్చింది. మరిది కుర్చీలో కూర్చుని చెప్పులు తొడుక్కుంటున్నాడు. తోటికోడలు సూది పొడుచుకుని దూది పట్టుకుని కూర్చుంది. చలిపిన్ని అతని ముందు నిలబడి, కళ్లజోడు పెట్టుకుని, మొదటి మాట నుంచి చదవడం మొదలుపెట్టింది. చాలా పొడుగుంది. ఒకచోట ఆగి, ఒక వాక్యం మళ్లీ చదివింది.

మరిది రెండో చెప్పు చేత్తో పట్టుకుని విన్నాడు. అయ్యేదాకా వేసుకోలేదు.

"ఇప్పుడేం నొక్కమంటావు?" అని అడిగింది.

"మీకేం అర్థమైంది వదినా?"

ఆవిడ మళ్లీ మొదటి నుంచి చదివింది.